చల్లబడిన వయసును కొండ లేచిన వయసుగా చెప్పవచ్చా?

తిరుపతి విద్యార్థిని: తూర్పు కనుమల గురించి మాట్లాడేటప్పుడు "అపటైట్ (రాళ్లలో ఉండే ఒక ఖనిజం) వయసు ఇంత, కాబట్టి ఈ కొండలు అప్పుడే లేచాయి" అనే వాదన తరచుగా వింటున్నాను. అపటైట్‌లోని యురేనియం-238 తనంత తాను చీలినప్పుడు మిగిలే జాడలు, రాయి సుమారు 110 డిగ్రీల సెల్సియస్ కంటే వేడిగా ఉన్నంతకాలం చెరిగిపోతూ, చల్లబడ్డాకే నిలుస్తాయి. వాటిని లెక్కిస్తే తెలిసేది రాయి చల్లబడిన కాలమే. దాన్ని కొండ ఎత్తు పెరిగిన కాలంగా చెప్పడం తప్పని నా అభిప్రాయం.

చిత్తూరు అధ్యాపకుడు: సందేహం సబబేనమ్మా, కానీ పూర్తిగా తోసిపుచ్చకండి. రాయి చల్లబడాలంటే దాని మీది పొర కోతకు గురికావాలి. ఏరు బలంగా కోయాలంటే వాలు కావాలి. ఆ వాలు నేల ఎత్తు వల్లనే వస్తుంది. పైగా మేము వయసు ఒక్కటే చూడము. కొత్తగా ఏర్పడిన జాడ సుమారు 16 మైక్రాన్ల పొడవుంటుంది. 60 నుంచి 110 డిగ్రీల మధ్య దీర్ఘకాలం ఉన్న రాయిలో జాడలు కుంచించుకుపోతాయి కనుక పొట్టివే ఎక్కువ. కాబట్టి త్వరగా చల్లబడిన రాయి ఏదో, నిదానంగా చల్లబడినది ఏదో తెలుస్తుంది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా మన తూర్పు తీరం నుంచి విడివడింది. ఆ కాలానికి త్వరిత శీతలీకరణ కనిపిస్తే, రెంటినీ ముడిపెట్టడం న్యాయమే కదా?

తిరుపతి విద్యార్థిని: ముడిపెట్టవచ్చు సార్, కానీ ఎత్తు పెరిగిందని అనలేము. రాయి పైకి రావడం, నేల ఎత్తు పెరగడం, పైపొర తొలగడం మూడు వేర్వేరు విషయాలని భూశాస్త్రవేత్తలు ఫిలిప్ ఇంగ్లండ్, పీటర్ మోల్నార్ 1990లోనే స్పష్టం చేశారు. ఒక కిలోమీటరు మందం కోసుకుపోతే, బరువు తగ్గిన భూపటలం 800 మీటర్లకు పైగా తేలుతుంది. రాయి లేచినట్టే, చల్లబడినట్టే. కానీ నేల సగటు ఎత్తు మాత్రం కొంత తగ్గింది! లోతు లెక్క కూడా ఊహ మీదే ఆధారపడింది. నేల మీద 30 డిగ్రీలుంటే మిగిలిన 80 డిగ్రీలకు, కిలోమీటరుకు 25 డిగ్రీల చొప్పున 3.2 కిలోమీటర్లు, 16 డిగ్రీల చొప్పున 5 కిలోమీటర్లు వస్తుంది. మన ద్వీపకల్పం లాంటి ప్రాచీన కవచ ప్రాంతాలు (చాలాకాలంగా స్థిరంగా ఉన్న పాత భూభాగాలు) చల్లనివి కనుక ఈ తేడా చిన్నది కాదు.

చంద్రగిరి సభ్యుడు: మన తిరుమల ఘాట్ రోడ్డునే చూడండి. ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ (మధ్యలో ఎంతో కాలం లోపించిన పాత, కొత్త రాళ్ల హద్దు) దగ్గర అతి ప్రాచీనమైన ఆర్కియన్ యుగపు గ్రానైట్ మీద నేరుగా క్వార్ట్‌జైట్ (ఇసుక గట్టిపడి ఏర్పడిన రాయి) కూర్చుంది. లోతున గట్టిపడిన గ్రానైట్ ఆ ఇసుక పేరుకోకముందే బయటపడిందనడానికి ఏ గడియారమూ అక్కర్లేదు. ఆ తరువాత పైన మందంగా పొరలు చేరి మళ్లీ 110 డిగ్రీలు దాటి ఉంటే, పాత జాడలన్నీ చెరిగిపోయి ఉంటాయి. అపటైట్ మనకు చివరి ప్రయాణం గురించి మాత్రమే చెబుతుంది.

చిత్తూరు అధ్యాపకుడు: ఈ ఉదాహరణతో నా మాట సవరించుకుంటున్నాను. "లేచిన వయసు" బదులు "చల్లబడిన వయసు" అనే రాయాలి; నేల ఎత్తుకు వేరే సాక్ష్యం చూపాలి. వేర్వేరు ఎత్తుల్లో నమూనాలు తీద్దామన్నా ఇక్కడ చిక్కుంది: పైభాగం క్వార్ట్‌జైట్ కనుక అపటైట్ దొరకడం కష్టం, జిర్కాన్ అనే మరో ఖనిజాన్నే నమ్ముకోవాలి. ఒక్క మనవి. ఆ అన్‌కన్ఫర్మిటీ జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. అక్కడ సుత్తి తాకించకుండా, అనుమతి తీసుకుని వేరే చోటి గ్రానైట్ నుంచి నమూనాలు తీసుకోండి.