జాయ్ డివిజన్ గొప్పా, న్యూ ఆర్డర్ గొప్పా?

బెజవాడోడు: మా బ్యాచ్‌లో రోజూ ఇదే గొడవ. 1980 మేలో ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ జాయ్ డివిజన్ సింగర్ ఇయాన్ కర్టిస్ చనిపోయాక మిగిలిన ముగ్గురూ న్యూ ఆర్డర్ అని పేరు మార్చుకుని సింథ్‌ల (ఎలక్ట్రానిక్ కీబోర్డుల) వైపు వెళ్ళారు. "అమ్ముడుపోయారు" అంటాడు మావాడొకడు. నాకేమో న్యూ ఆర్డర్ పాట 'బ్లూ మండే' మొదట్లో ఆ డ్రమ్ మెషిన్ దడదడలాడితే ఏలూరు రోడ్డు ట్రాఫిక్ కూడా ఆనదు. మీరేమంటారు?

అరండల్‌పేట కుర్రాడు: అమ్ముడుపోవడమేంటి బ్రో! సింథ్ జాయ్ డివిజన్ 'క్లోజర్' ఆల్బమ్‌లోనే ఉందిగా. పీటర్ హుక్ బేస్ గిటార్ విను, రెండు బ్యాండ్లలోనూ పై తీగల మీదే రాగం లాగాడు.

పటమట: ఏమన్నా చెప్పండి, కర్టిస్ గొంతులో బరువు న్యూ ఆర్డర్‌లో పాడే సమ్నర్‌కి లేదు. డాన్సుకైతే ఓకే.

బెజవాడోడు: పల్చటి గొంతే, కాదన్ను. కర్టిస్‌లా పాడబోయి ఉంటే ఇంకా దారుణంగా ఉండేది కదండీ.

అరండల్‌పేట కుర్రాడు: అదీ మాట! పటమట గారు, హెడ్‌ఫోన్స్ మార్చి చూడండి.