ఫుట్‌సాల్ (జట్టుకి అయిదుగురితో గట్టి నేల మీద ఆడే ఫుట్‌బాల్): ఏ వయసుకి, ఏ పొజిషన్‌కి ఎంత లోడ్ ఇవ్వాలి?

అలా_వరంగల్:
అండర్-13, అండర్-17, 35 దాటినవాళ్ళు, ఇలా మూడు బ్యాచ్‌లున్నాయి. ఇన్నాళ్ళూ బాక్స్ టర్ఫ్ (వల కట్టిన చిన్న కృత్రిమ గడ్డి మైదానం) మీద ఆడాం. ఇప్పుడు 40 × 20 మీటర్ల చెక్క కోర్టు దొరికింది. అందరికీ ఒకే షటిల్ రన్ (అటూ ఇటూ ఉరకడం) కుదరదని తెలుసు. ఫిక్సో (వెనక కాపు కాసేవాడు), ‘అలా’ (పక్క లైన్ వెంట ఆడేవాడు), పివో (ముందుండి గోల్ కొట్టేవాడు), గోలీ... ఎవరికి ఏం చేయించాలి? ఎన్ని నిమిషాలకి ఆటగాణ్ణి మార్చి సబ్‌ని పంపాలి?

ఫిక్సో7:
ముందు గడియారం సంగతి చూడండి అన్నా. బంతి బయటికెళితే టైమ్ ఆగిపోతుంది కాబట్టి 20 నిమిషాల హాఫ్ 35-40 నిమిషాలు సాగుతుంది. గట్టి మ్యాచ్‌లో పెద్దవాళ్ళ గుండె గరిష్ఠ వేగంలో 85-90 శాతం దగ్గరే ఉంటుంది. సబ్‌లకి పరిమితి లేదు, ధారాళంగా వాడుకోండి.

‘అలా’ ఆడేవాళ్ళకే పరుగెక్కువ. లైన్ వెంట పైకెళ్ళాలి, బంతి పోగానే వెనక్కి ఉరకాలి. పివో తిరిగే దూరం తక్కువే గానీ వీపు మీద ఎదుటి జట్టు ఫిక్సోని ఆపుకుంటూ, అరికాలితో బంతి తొక్కిపట్టి, గిరుక్కున తిరిగి కొట్టాలి. అంటే నడుము, తొడ బలం. ఫిక్సోకి వెనక్కీ పక్కకీ జరగడం, ఉన్నపళంగా ఆగడం. అతనికి 20 మీటర్ల షటిల్ దండగ. 5 మీటర్లు దూసుకెళ్ళి రెండడుగుల్లో ఆగే డ్రిల్ ఆరు సార్లు, మధ్యలో 30 సెకన్ల విరామం ఇచ్చి చేయించండి.

సబ్ 3-4 నిమిషాలకని చెప్తారు. నేనైతే వాచీ చూడను, వెనక్కొచ్చే పరుగు చూస్తాను. దాడికి ఉరికినవాడు తిరిగి నడుచుకుంటూ వస్తే అప్పుడే బయటికి పిలిచేయాలి. అలసిన కాలు ట్యాకిల్‌కి ఆలస్యంగా చేరుతుంది, ఫౌల్ అవుతుంది. ఒక హాఫ్‌లో ఆరో ఫౌల్ నుంచి, అడ్డంగా ఆటగాళ్ళ గోడ లేకుండా 10 మీటర్ల దగ్గర్నుంచి ఎదుటివాళ్ళకి కిక్!

ఫిజియో_వైజాగ్:
పొజిషన్ కంటే వయసే ముఖ్యం అంటాను. అండర్-13 పిల్లలు ఉరికి ఇట్టే తేరుకుంటారు. వాళ్ళకి విడిగా స్టామినా రన్నింగ్ ఎందుకు? బంతితో 3 మీద 3 ఆడించండి, పొజిషన్లు మార్చండి. 13-15 మధ్య ఎత్తు గబగబా పెరిగే పిల్లాడిని మాత్రం కనిపెట్టుకుని ఉండాలి. మోకాలి చిప్ప కింద బొడిపెలా లేచి నొప్పి, లేదా మడమ వెనక నొప్పి అంటే గెంతులు, స్ప్రింట్లు సగానికి తగ్గించండి. చెక్క నేల మీద ఇది త్వరగా బయటపడుతుంది.

అండర్-17కి గజ్జల కండరాలు పట్టేయడం మామూలే. మోకాళ్ళ మధ్య బంతి నొక్కి 10 సెకన్లు, అలా 5 సార్లు, ప్రతి వార్మప్‌లో.

35 దాటినవాళ్ళకి పిక్క, మడమ వెనక స్నాయువు దగ్గరే గండం. 15 నిమిషాల వార్మప్, ఆటకీ ఆటకీ కనీసం రెండు రోజుల గ్యాప్. గరిష్ఠ గుండె వేగానికి 208లోంచి వయసు × 0.7 తీసేయండి. 40 ఏళ్ళకి 180, అందులో 90 శాతం 162. గుండె వేగం అది దాటి అలాగే ఉండిపోతే బెంచీకి. ఛాతీలో బరువుగా ఉన్నా, కళ్ళు తిరిగినా అంకెలతో పని లేదు, ఆపేసి డాక్టర్ దగ్గరికి.

గోలీ_గుంటూరు:
గోలీని అందరూ మర్చిపోతారు. పరుగు తక్కువే, కానీ ఒక మోకాలు నేలకి దించి రెండో కాలు చాచి ఆపాలి, వెంటనే లేవాలి. బంతి 400-440 గ్రాములు, దగ్గర్నుంచి వస్తుంది. మోకాళ్ళకి ప్యాడ్లు తప్పనిసరి. బంతి చేతికొచ్చాక సొంత సగంలో 4 సెకన్లే, కాబట్టి ఆపడం, లేవడం, విసరడం ఒకే డ్రిల్‌గా చేయించండి. 8 సార్లు చాలు.

ఇంకోటి, ఆ టర్ఫ్ షూస్ మార్పించండి. అడుగున బుడిపెలుంటే చెక్క మీద పట్టు సరిగ్గా దొరకదు, చీలమండ మడతపడుతుంది. చదునైన గమ్ (రబ్బరు) సోల్, నేల మీద గీతలు పడనీయనిది తీసుకోండి.