గవర్నర్‌కి ఒక పార్టీ, సెనేటర్‌కి ఇంకో పార్టీ: జార్జియా ఓటరు చేసింది సబబేనా?

కమింగ్‌లో_కృష్ణాతీరం:
2022 నవంబరు 8న అమెరికాలోని మా జార్జియా రాష్ట్రంలో రెండు పదవులకీ ఒకే బ్యాలెట్ మీద ఓటేశాం. గవర్నర్‌గా రిపబ్లికన్ బ్రయన్ కెంప్ 53 శాతం పైగా తెచ్చుకుని స్టేసీ ఏబ్రమ్స్ మీద తేలిగ్గా గెలిచారు. అదే పార్టీ నుంచి సెనేట్‌కి నిలబడ్డ హర్షెల్ వాకర్‌కి మాత్రం కెంప్ కంటే 2 లక్షల ఓట్లు తక్కువ వచ్చాయి. డెమొక్రాట్ రాఫెల్ వార్నాక్ ముందున్నా 50 శాతం దాటలేదు. అందుకని డిసెంబరు 6న రెండో విడత పోలింగ్ (రనాఫ్) పెడితే 51.4 శాతంతో గెలిచారు.

నేను కెంప్‌కీ వార్నాక్‌కీ వేశాను. అప్పట్నుంచీ మా స్నేహితులు "నీకో నిలకడ లేదు" అంటూనే ఉన్నారు. మా నాన్నదైతే వేరే సందేహం. "గవర్నర్‌కి ఓటేంట్రా, రాష్ట్రపతి కదా నియమించేది?" అన్నారు గుడివాడ నుంచి. ముఖ్యమంత్రి అనుకోండి నాన్నా అన్నాను. సెనేటర్ మన రాజ్యసభ సభ్యుడి లాంటివాడే, కాకపోతే 1913లో రాజ్యాంగం సవరించాక నేరుగా జనమే ఎన్నుకుంటున్నారు.

పనులు వేరు, మనుషులు వేరు. 2020 అధ్యక్ష ఎన్నిక ఫలితం తిప్పేయమని తన పార్టీకే చెందిన దేశాధ్యక్షుడు ట్రంప్ ఒత్తిడి చేసినా కెంప్ లొంగలేదు. ఆ ఒక్కటి చాలు నాకు. వాకర్ గొప్ప అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, కానీ అంతకుముందు ఎన్నికై ఏ పదవీ చేయలేదు. అలాంటప్పుడు ఆరేళ్ల సెనేట్ సీటు పార్టీ పేరు చూసి ఇచ్చేయాలా?

జాన్స్‌క్రీక్_నర్సు:
అన్నా, మీ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. లెక్క మీద ఉంది. గుండె చప్పుడు వినిపించాక, అంటే దాదాపు ఆరు వారాలు దాటాక అబార్షన్‌ని చాలావరకు నిషేధించే చట్టం మీద 2019లో సంతకం పెట్టింది కెంపే. 2022 జులైలో అది అమల్లోకి వచ్చింది. వార్నాక్ దానికి పూర్తిగా వ్యతిరేకి. అంటే వాషింగ్టన్‌లో ఒక మాటకీ, రాష్ట్ర రాజధాని అట్లాంటాలో దానికి ఎదురు మాటకీ మీరు ఓటేశారు. గర్భిణులు నన్ను అడిగే ప్రశ్నలకి జవాబు రాష్ట్ర చట్టంలోనే ఉంటుంది, సెనేట్‌లో కాదు.

లెక్కలమాస్టారు:
చిన్న సవరణ. ఆ 2 లక్షల మందీ వార్నాక్‌కి వేసినట్టు కాదు. ఏబ్రమ్స్ కంటే వార్నాక్‌కి ఎక్కువ వచ్చినవి సుమారు 1.3 లక్షలు. మూడో అభ్యర్థి, లిబర్టేరియన్ అనే చిన్న పార్టీ మనిషి, 2 శాతం తీసుకున్నాడు. కొందరు ఆ గడి ఖాళీగా వదిలేశారు. చీల్చి వేసినవాళ్లు ఉన్నారు, కానీ ఇద్దరూ వద్దనుకున్నవాళ్లూ తక్కువేం కాదు.

వరంగల్_వాసి:
మనకిది కొత్తా? 2018 డిసెంబరులో తెలంగాణ అసెంబ్లీకి టీఆర్ఎస్‌కి 119లో 88 ఇచ్చాం, బీజేపీకి ఒక్కటే. నాలుగు నెలలకి లోక్‌సభలో అదే బీజేపీకి 4, కాంగ్రెస్‌కి 3. ఏ ఎన్నిక దేనికో ఓటరుకి తెలుసు.

జాన్స్‌క్రీక్_నర్సు:
అవి వేరు వేరు తేదీలండీ. ఒకే రోజు రెండూ జరిగిన ఆంధ్ర చూడండి. 2019లో వైసీపీకి 175లో 151, లోక్‌సభలో 25కి 22. ఒకే గాలి.

గ్రీన్‌కార్డ్_క్యూలో:
నాకు ఓటు లేదు. ఇక్కడే పన్ను కడతాను, పిల్లలు ఇక్కడే పుట్టారు. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక దేశానికి 7 శాతం మించకూడదన్న పరిమితిని మార్చగలిగేది కాంగ్రెస్సే (అమెరికా పార్లమెంటు), గవర్నర్ కాదు. 2020 డిసెంబరులో దాని మీద ఒక బిల్లు సెనేట్‌లో పాసై అక్కడితో ఆగిపోయింది. ఓటున్నవాళ్లు సెనేటర్ని ఎన్నుకునేటప్పుడు ఆ పని గురించి అడగండి. ఏ పార్టీ అయినా సరే, అడగండి.

కమింగ్‌లో_కృష్ణాతీరం:
మాస్టారూ, సవరణ ఒప్పుకుంటున్నాను. క్యూలో ఉన్న తమ్ముడూ, నేనూ పన్నెండేళ్లు ఆ వరసలోనే నిలబడ్డాను. తప్పకుండా అడుగుతాను.

చెల్లెమ్మా, ఆ చట్టం సంగతి తెలిసే కెంప్‌కి వేశాను. ఓట్ల లెక్కింపు మీదే నమ్మకం లేకుండా పోతే ఇక ఏ చట్టాన్నీ మార్చుకోలేం అనిపించింది. అయినా మీరడిగింది నన్ను వదలట్లేదు, ఎందుకంటే మా అమ్మాయి అప్పుడే, పద్నాలుగేళ్లప్పుడు, అచ్చం ఇదే అడిగింది. 2026లో గవర్నర్, సెనేటర్ మళ్లీ ఒకే బ్యాలెట్ మీదికి వస్తారు. తనకి అప్పటికి పద్దెనిమిది నిండుతాయి. రెండు గడుల్లోనూ ఒకే పార్టీకి వేస్తానని నాకు ముందే చెప్పేసింది.