హికీ గీసిన మెకంజీ చిత్రపటం: మ్యూజియం ప్రసంగంలో ముందు ఎవరి పేరు చెప్పాలి?

తాటాకు (చర్చ మొదలుపెట్టినవారు)

మా ఊరి మ్యూజియంలో త్వరలో కొన్ని ప్రసంగాలు పెడుతున్నారు. పాత చిత్రపటం ఒకటి తెర మీద వేసి, అందులో ఉన్న మనుషులెవరో, వాళ్ళ కాలం ఏమిటో గంటసేపు చెప్పాలి. నా వంతుకు వచ్చింది ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ చిత్రం. థామస్ హికీ అనే ఐర్లండు చిత్రకారుడు 1816లో మద్రాసులో గీసిన తైలవర్ణ చిత్రమిది. అసలు ప్రతి లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

చూడనివాళ్ళ కోసం: మధ్యలో ఎర్ర కోటు వేసుకున్న మెకంజీ. ఆయనతో పాటు ముగ్గురు మనవాళ్ళు. లైబ్రరీ ఇచ్చిన వివరణ ప్రకారం ఒకరు కావలి వెంకట లక్ష్మయ్య, ఏలూరు నుంచి వెళ్ళిన తెలుగు పండితుడు. ఒకరు ధర్మయ్య, జైన పండితుడు, చేతిలో తాటాకు ప్రతి. మూడో మనిషి కృష్ణాజీ, బంట్రోతు, చేతిలో దుర్భిణి. వెనకాల దూరంగా కార్కళ గోమటేశ్వరుడి విగ్రహం.

నేను లక్ష్మయ్యతో మొదలుపెడతానన్నాను. నిర్వాహకుల్లో ఒకరు ఒప్పుకోలేదు. "బొమ్మ ఎవరిది? మెకంజీది. ముందు ఆయన గురించి చెప్పండి, టైముంటే తక్కినవాళ్ళ గురించి" అన్నారు. ఆ "టైముంటే" అన్న మాట దగ్గరే నాకు పేచీ. లక్ష్మయ్య, ఆయన అన్నదమ్ములు లేకపోతే మెకంజీ సేకరణ అన్నదే లేదు. మన ఊళ్ళ కైఫీయత్తులు (ఊరి చరిత్ర రాసిన కాగితాలు), శాసనాల నకళ్ళు, తాటాకు ప్రతులు, అన్నీ వాళ్ళ చేతుల మీదుగా వచ్చినవే. మీరేమంటారు?

బందరు_కాలువ

నేను నిర్వాహకుల పక్షం. కారణం చెప్తాను.

చిత్రపటం ముందు నిలబడి మాట్లాడేవాడి మొదటి పని ఆ చిత్రాన్ని చూపించడం. ఎవరు గీశారు, ఎందుకు గీశారు, ఆ రోజుల్లో ఇలాంటి బొమ్మలు ఎలా కట్టేవారు అన్నది ముందు చెప్పాలి. హికీ కొత్తవాడు కాదు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు కొడుకుల బొమ్మలు, కంపెనీ అధికారుల బొమ్మలు గీసినవాడు. దొర పక్కన నౌకర్లను, గుమాస్తాలను నిలబెట్టడం ఆ కాలపు చిత్రాల్లో మామూలు పద్ధతి. దొర హోదా ఏమిటో, ఏం పని చేస్తాడో వాళ్ళను బట్టి తెలియాలి. ఇక్కడ దుర్భిణి సర్వే పనికి గుర్తు, తాటాకు పండిత పనికి గుర్తు. ఆ ముగ్గురూ అందుకే చిత్రంలోకి వచ్చారు. ఇవాళ మనం వాళ్ళను కథానాయకులను చేస్తే అది మన కోరిక అవుతుంది, హికీ చిత్రం అవదు.

ఇంకో మాట. మెకంజీని పక్కకు నెట్టడం న్యాయం కాదు. ఆయన 1798లో అమరావతి వెళ్ళేసరికి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తూ అక్కడి బౌద్ధ స్తూపం దిబ్బలో రాళ్ళు తవ్విస్తున్నారు. 1816లో మెకంజీ మళ్ళీ వెళ్ళి, బొమ్మలు గీసేవాళ్ళను పెట్టి శిల్పాలను గీయించారు. ఆ తర్వాత పోయిన రాళ్ళు చాలా ఉన్నాయి. వాటి రూపం మనకు ఆ కాగితాల మీదే మిగిలింది. ఈ చిత్రం గీసిన ఏడాదీ అదే. చెప్పడానికి ఇంత ఉన్న మనిషిని "టైముంటే" జాబితాలో వేస్తారా?

తాటాకు

అమరావతి గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. దాన్ని ప్రసంగంలో తప్పక చెప్తాను.

కానీ "హోదాకు గుర్తుగా నిలబెట్టారు" అన్న మాటతో ఆగిపోలేం. అలాంటి చిత్రాల్లో హుక్కా పట్టుకున్నవాడి పేరు, గొడుగు పట్టినవాడి పేరు చాలావరకు దొరకదు. ఇక్కడ ముగ్గురికీ పేర్లు మిగిలాయి. లక్ష్మయ్య రాసిన ఉత్తరాలు మిగిలాయి. ఊళ్ళు తిరిగిన నారాయణరావు, బాబూరావు లాంటివాళ్ళు పంపిన నివేదికలు మిగిలాయి. ఫలానా ఊరికి వెళ్ళాం, ఫలానావాళ్ళు కాగితాలు చూపించడానికి అనుమానపడ్డారు, ఇన్నాళ్ళు కాచుకున్నాం అని రాసిన నివేదికలు. ఎవరు పని చేశారో ఊహించాల్సిన అవసరమే లేదు, రాతలో ఉంది.

పైగా ఈ మాట అన్నది మెకంజీయే. 1817లో, సిలోనులో ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న సర్ అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన ఉత్తరంలో, హిందూ విద్యల ద్వారం తనకు తెరుచుకున్నది కావలి వెంకట బొర్రయ్య అనే యువకుడి పరిచయంతోనేనని రాశారు. బొర్రయ్య లక్ష్మయ్యకు అన్న. మెకంజీకి మన భాషలు రావు, ఆ సంగతి కూడా ఆ ఉత్తరంలో దాచలేదు. తన పనికి మూలం ఎవరో ఆయనే చెప్పుకుంటే, ఆయన బొమ్మ ముందు నిలబడి మనం చెప్పకుండా ఎలా ఉంటాం?

ఇక ఆ తర్వాతి కథ. 1821లో కలకత్తా దగ్గర మెకంజీ చనిపోయారు. ఆ సేకరణను కంపెనీ ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకు కొన్నది. సంస్కృత పండితుడు హెచ్.హెచ్. విల్సన్ 1828లో దానికి కేటలాగు వేశారు. లెక్క చూడండి: 1,568 సాహిత్య ప్రతులు, 8,076 శాసనాలు, 6,218 నాణేలు. లక్ష్మయ్య ఆ పని కొనసాగిస్తానని అడిగారు. కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ కుదరదన్నారు. లక్ష్మయ్యకే కాదు, ఏ దేశీయుడికీ ఆ పని చేసే సత్తా ఉంటుందని చెప్పలేమన్నది ఆయన తీర్పు. చివరికి ఆ ప్రతులు విలియం టేలర్ అనే మిషనరీ చేతికి వెళ్ళాయి. ఏళ్ళ తరబడి ఆ ప్రతులను కూడబెట్టిన మనిషికి వాటిని చదివే అర్హత లేదన్నారు! ఈ సంగతి తెలిశాక ఆ చిత్రంలో లక్ష్మయ్య ముఖాన్ని మామూలుగా చూడలేను.

గోదారిగట్టు

మరి బొర్రయ్య చిత్రంలో ఎందుకు లేరు?

తాటాకు

1803లోనే పోయారండీ. ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. చిత్రం గీసేనాటికి పదమూడేళ్ళయింది.

కోఠి_వీధి

బొర్రయ్య గారి మాట రాగానే నాకు ఇంకో చిత్రం గుర్తొచ్చింది. ఈ చర్చకు పనికొస్తుంది.

1805లో మద్రాసులోనే జార్జ్ చిన్నరీ ఇద్దరు పిల్లల బొమ్మ గీశారు. హైదరాబాదులో రెసిడెంటుగా (నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధిగా) ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌ప్యాట్రిక్, ఖైరున్నిసా బేగం దంపతుల పిల్లలు, సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం. హైదరాబాదీ దుస్తుల్లో ఉంటారు. గీసిన కొద్ది రోజులకే వాళ్ళను ఓడ ఎక్కించి ఇంగ్లండు పంపేశారు. అక్కడ పేర్లు మార్చేశారు. ఆ ఏడాది అక్టోబరులో తండ్రి కలకత్తాలో చనిపోయారు. తల్లి మళ్ళీ పిల్లల ముఖం చూడలేదు, 1813లో పోయింది. చాలా ఏళ్ళకు, కిట్టీగా పెరిగిన ఆ పాప ఇంగ్లండులో, ఒకప్పుడు హైదరాబాదు రెసిడెంటుగా చేసిన హెన్రీ రస్సెల్ ఇంట్లో గోడ మీద ఈ చిత్రాన్ని చూసి ఏడ్చేసింది. ఆ తర్వాతే హైదరాబాదులో ఇంకా బతికి ఉన్న అమ్మమ్మ షరఫున్నిసాతో ఉత్తరాలు కలిశాయి.

ఇప్పుడు చెప్పండి బందరు_కాలువ గారూ. ఆ చిత్రం ముందు నిలబడి ఖైరున్నిసా గురించి మాట్లాడకుండా ఉండగలరా? ఆమె బొమ్మలో లేదు, ఆ చిత్రంతో ఆమెకు ఏ సంబంధమూ లేదని మీ లెక్క ప్రకారం అనొచ్చు. కానీ పిల్లల ముఖాల్లో ఏముందో తెలియాలంటే ఆమె కథే కావాలి. చిత్రంలో లేనివాళ్ళ గురించే చెప్పక తప్పనప్పుడు, నిలబడి ఉన్న లక్ష్మయ్య గురించి చెప్పడానికి ఎందుకు ఇంత వెనకాడడం?

రేగడి_నేల

ఇద్దరి వాదనలూ చదివాను. నా అభ్యంతరం ఇద్దరితోనూ.

స్కాట్లండు దొరను పక్కన పెట్టి ఏలూరు బ్రాహ్మణ కుటుంబాన్ని ముందు నిలబెడితే న్యాయం జరిగిపోయినట్టేనా? కైఫీయత్తులు ఎలా తయారయ్యాయో చూడండి. లక్ష్మయ్య పంపిన మనుషులు ఊరికి వెళ్తారు. ఊరి కరణాన్ని అడుగుతారు. కరణం తన ఇంట్లో తరతరాలుగా ఉన్న కవిలె (ఊరి లెక్కల పుస్తకం) చూసి చెప్తాడు. అందుకే ఆ రాతల్లో గుడి మాన్యాలు, కరణాల మిరాశీలు (వంశపారంపర్య హక్కులు), ఏ రాజు ఎవరికి ఏ అగ్రహారం ఇచ్చాడన్నవి ఎక్కువ. ఆ చేలు దున్నినవాళ్ళు అందులో ఎంత ఉన్నారు? చెరువు తవ్వినవాళ్ళు ఎంత ఉన్నారు? మా తాతల ఊరి కైఫీయతు చదివాను. మా పేట ఊసే లేదు.

చిత్రంలోనూ అదే వరస. తాటాకు గారు రాసినదాంట్లో లక్ష్మయ్యకు బోలెడు వాక్యాలు, ధర్మయ్యకు ఒకటి, కృష్ణాజీకి దుర్భిణి. దుర్భిణి మోసిన మనిషి మెకంజీ చేసిన మైసూరు సర్వేలో ఎన్ని కొండలెక్కాడో ఎవరూ అడగలేదు. మ్యూజియంకు వచ్చేవాళ్ళలో పండితుల మనవలకన్నా కృష్ణాజీ లాంటివాళ్ళ మనవలే ఎక్కువ. వాళ్ళకు ఆ చిత్రంలో చోటు చూపించని ప్రసంగం మెకంజీతో మొదలైతే ఏమిటి, లక్ష్మయ్యతో మొదలైతే ఏమిటి?

బందరు_కాలువ

రేగడి_నేల గారి ప్రశ్న బలమైనదే. కానీ నా వాదనకే అది ఊతం. కృష్ణాజీ గురించి మనకు తెలిసింది ఎంత? పేరు, పని, చేతిలో వస్తువు. ఆ తర్వాత వక్త ఏం చెప్పినా కల్పనే అవుతుంది. పిల్లలు కూర్చుని వింటారు, కల్పనను చరిత్ర అనుకుని ఇంటికి వెళ్తారు. నాకు భయం అదే. వేమన మొలగోచీ బొమ్మను నిజమైన పోలిక అనుకుంటున్నవాళ్ళు ఇవాళ ఎంతమంది! ఆయన్ను చూసి గీసినవాడెవడూ లేడు. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయలు, ఇద్దరు రాణుల విగ్రహాలున్నాయి. వాటి మీద పేర్లు చెక్కి ఉన్నాయి కాబట్టి ధైర్యంగా మాట్లాడతాం. ఆధారం ఎంతవరకు ఉందో అంతవరకే మాట్లాడాలి. మెకంజీ గురించి ఆధారం ఎక్కువ, అందుకే ఆయనకు ఎక్కువ సమయం.

కోఠి_వీధి గారికి: ఖైరున్నిసా గురించి తప్పకుండా చెప్తాను. ఆమె గురించి ఉత్తరాలున్నాయి, విచారణల రికార్డులున్నాయి. నా గీత అక్కడే ఉంది.

కడప_మాస్టారు

సి.పి. బ్రౌన్ దొర గురించి బళ్ళో మాట్లాడేటప్పుడు నేను చేసేది చెప్తాను. ఆయన దగ్గర పనిచేసిన పండితుడు జూలూరి అప్పయ్య పేరు చెప్పకుండా బ్రౌన్ వేయించిన ప్రతుల గురించి ఒక్క ముక్క కూడా చెప్పను. పిల్లలకు ఇది బరువనిపించదు. బ్రౌన్ బంగళాలో పండితులు కూర్చుని ఒక్కో పద్యానికి పాఠాలు తేల్చారని చెప్తే ఆ గది వాళ్ళకు కళ్ళకు కడుతుంది. ఒక్క దొర ఒంటరిగా తెలుగును బతికించాడంటే నమ్మరు, నమ్మకూడదు కూడా.

ఇంకో సంగతి. కడప జిల్లా కైఫీయత్తులు మా ఊరి బ్రౌన్ కేంద్రం వాళ్ళు సంపుటాలుగా అచ్చువేశారు. మీ ప్రసంగానికి వచ్చేవాళ్ళ ఊళ్ళలో ఏదో ఒక ఊరి కైఫీయతు దొరుకుతుంది. చిత్రం చూపించాక ఆ పేజీ చదవండి. మెకంజీ ముందా లక్ష్మయ్య ముందా అని అప్పుడు ఎవరూ అడగరు.

తాటాకు

మాస్టారూ, అది తప్పకుండా చేస్తాను.

బందరు_కాలువ గారూ, ఆధారం ఉన్నంతవరకే అన్న మీ నియమానికి ఒప్పుకుంటాను. ఆ నియమం ప్రకారమే చూద్దాం. మెకంజీ పేరు మీద ఎక్కువ కాగితం ఎందుకు మిగిలింది? కాగితం ఎవరి దగ్గర భద్రంగా ఉండేదో వాళ్ళ గురించే ఎక్కువ మిగులుతుంది. మిగిలిన కాగితాన్ని తూకం వేసి సమయం పంచితే ప్రిన్సెప్ చేసిందే మళ్ళీ చేసినట్టు. ఆధారం అబద్ధం చెప్పకుండా ఆపడానికి. ఎవరికి ఎంత సమయం అన్నది మనం తేల్చుకోవాల్సిందే.

కృష్ణాజీ గురించి కల్పన అక్కర్లేదు. సర్వే పని ఎలా జరిగేదో మనకు తెలుసు: కొండ మీద గుర్తు నిలబెట్టడం, పరికరాలు మోయడం, ఒక కొండ నుంచి ఇంకో కొండను చూసి కోణం కొలవడం, అడవి జ్వరాలు. ఆ పని గురించి చెప్పి, "ఈ పనిలో ఈ మనిషి ఉన్నాడు, పేరు కృష్ణాజీ, ఇంతకన్నా మనకు రాసి పెట్టినవాళ్ళు లేరు" అంటాను. అందులో కల్పన ఏముంది?

రేగడి_నేల గారు అన్నది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. కాబట్టి వరస ఇలా పెట్టుకుంటున్నాను. ముందు చిత్రం, ఎవరి పేరూ చెప్పకుండా, నలుగురినీ చూడమని అడుగుతాను. తర్వాత దుర్భిణి నుంచి కృష్ణాజీ, తాటాకు నుంచి ధర్మయ్య, లక్ష్మయ్య, అక్కడి నుంచి బొర్రయ్య. మెకంజీ ఉత్తరం, ప్రిన్సెప్ తీర్పు. అమరావతి మెకంజీ భాగంలో వస్తుంది, దానికి కోత పెట్టను. చివర ఒక ఊరి కైఫీయతు. అది చదివాక, ఇందులో ఎవరి పేట లేదో చెప్పమని శ్రోతలను అడుగుతాను.

రేగడి_నేల గారూ, మీ తాతల ఊరు ఏదో చెప్తారా? మీకు సమ్మతమైతే ఆ కైఫీయతే చదువుతాను.

రేగడి_నేల

చదవండి. ఊరు పేరు మెసేజ్‌లో పంపాను. కానీ మా పేట లేదన్న సంగతి శ్రోతలు కనిపెట్టేదాకా వదిలేయకండి. వాళ్ళు చెప్పకపోతే మీరే చెప్పాలి.

బందరు_కాలువ

వరస నాకింకా నచ్చలేదు. హికీ పేరు ఎక్కడా రాలేదు చూశారా! చిత్రకారుడి గురించి చెప్పకుండా చిత్రం గురించి చెప్పడమేమిటి? మొదటి అయిదు నిమిషాలు ఆయనకివ్వండి. తక్కినదాని మీద ప్రసంగం రోజున హాల్లోనే వాదించుకుందాం, నేను వస్తున్నాను.