టిఫా స్కాన్‌లో మాయ కిందికి ఉందన్నారు: పుట్టింటికి ఏడో నెలలో వెళ్లాలా, తొమ్మిదో నెలలోనా?

తొలిచూలు, హైదరాబాద్

అందరికీ నమస్కారం. నాకిది తొలి కాన్పు, ఇప్పుడు 21వ వారం నడుస్తోంది. మేము ఉండేది మియాపూర్‌లో. పుట్టిల్లు తాడేపల్లిగూడెం దగ్గర ఒక పల్లె. మొన్న సోమవారం బిడ్డ అవయవాలన్నీ పరీక్షించే టిఫా స్కాన్ చేయించుకున్నాను. బిడ్డ ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుందని, పై పెదవి కనిపించడం లేదని, ఏదైనా తీపి తిని కాసేపు నడిచి రమ్మని రెండుసార్లు బయటికి పంపారు. ఎదురుగా ఉన్న దుకాణంలో మైసూర్‌పాక్ ముక్క తిని, మెట్ల దగ్గర అటూ ఇటూ తిరిగి వెళ్తే, ఈసారి బిడ్డ వీపు తిప్పి పడుకుందట. మూడోసారికి గానీ పని పూర్తి కాలేదు. మావారిని గదిలోకి రానివ్వలేదు. స్కాన్ చేసిన డాక్టరు గారు ఆ గంటన్నరలో నాతో అన్న మాటలు నాలుగే: ఊపిరి బిగపట్టండి, ఎడమకు తిరగండి, అయిపోయింది, రిపోర్టు బయట ఇస్తారు.

రిపోర్టులో రెండు విషయాలు రాశారు. మాయ (ప్లాసెంటా) గర్భసంచి వెనుక గోడకు ఉందని, దాని కింది అంచు గర్భాశయ ముఖద్వారానికి 14 మిల్లీమీటర్ల దూరంలోనే ఉందని ఒకటి. బిడ్డ గుండె ఎడమ జఠరికలో ఒక తెల్లని చుక్క కనిపిస్తోందని రెండోది. మిగతా అవయవాలన్నీ సరిగా ఉన్నాయని రాశారు. 12వ వారంలో చేసిన ఎన్‌టి స్కాన్, డబుల్ మార్కర్ రక్తపరీక్ష కూడా బిడ్డకు డౌన్ సిండ్రోమ్ లాంటి జన్యులోపం ఉండే ప్రమాదం తక్కువేనని చెప్పాయి. మా డాక్టరు గారిని కలిసేది వచ్చే శుక్రవారం. అప్పటిదాకా ఆ చుక్క గురించి ఆలోచించకుండా ఉండడం నా వల్ల కావడం లేదు.

దీనికి తోడు ప్రయాణం సంగతి. మొదటి స్కాన్ ప్రకారం కాన్పు తేదీ జనవరి 18 కాగా, ఈ స్కాన్‌లో జనవరి 12 అని వచ్చింది. కార్తీకమాసంలోనే సీమంతం చేసి, ఏడో నెలలో తీసుకువెళ్తానని మా అమ్మ అంటోంది; ఎనిమిదో నెలలో గడప దాటకూడదట, తొమ్మిదో నెలకు ధనుర్మాసం వచ్చి ముహూర్తాలు ఉండవట. 32వ వారంలో మాయ స్థానం కోసం మళ్లీ స్కాన్ చేయాలని రిపోర్టులో ఉంది, అది సరిగ్గా ఎనిమిదో నెలలో పడుతుంది. ఏం చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు. అలాగే బిడ్డకు ముందుగా ఏమేమి సిద్ధం చేసుకోవాలో కూడా చెప్పండి. బిడ్డ పుట్టకముందు ఏదీ కొనకూడదని అత్తయ్య గారు, ఉయ్యాల, తోపుడు బండి, వేడినీళ్ల యంత్రం అంటూ మావారు చెరోవైపు లాగుతున్నారు.

ఇద్దరు పిల్లల తల్లి, గుంటూరు

చెల్లీ, నా పెద్దవాడి సమయంలో నాకూ 20వ వారంలో మాయ కిందికే ఉందన్నారు, నాది 11 మిల్లీమీటర్లు. 32వ వారానికి అది 35కు చేరింది, మామూలు కాన్పే అయింది. కాబట్టి ఆ అంకె చూసి ఇప్పుడే ఆపరేషన్ ఖాయమని అనుకోవద్దు.

అయితే ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. 29వ వారంలో ఒక రాత్రి పదకొండు గంటలకు నాకు రక్తస్రావం కనిపించింది. నొప్పి లేదు, కడుపు బిగపట్టలేదు, బిడ్డ కదులుతూనే ఉంది. అందుకే తెల్లవారాక వెళ్దామని నేనే అన్నాను. మా అత్తగారు ఒప్పుకోలేదు, ఆటో పిలిపించి అప్పటికప్పుడు తీసుకువెళ్లారు. మాయ కిందికి ఉన్నప్పుడు వచ్చే రక్తస్రావానికి చాలాసార్లు నొప్పి ఉండదని, నొప్పి లేదు కదా అని ఆగిపోవడమే ప్రమాదమని ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ కోప్పడింది. ముందే కాన్పు అయ్యే పరిస్థితి వస్తే బిడ్డ ఊపిరితిత్తులకు బలంగా ఉంటుందని 24 గంటల తేడాతో రెండు ఇంజెక్షన్లు ఇచ్చి, మూడు రోజులు ఉంచుకుని పంపించారు. అందుచేత నా సలహా ఏమిటంటే, 32వ వారం స్కాన్ అయ్యేదాకా నీకు అలవాటైన ఆసుపత్రికి దగ్గరగా హైదరాబాద్‌లోనే ఉండు.

ఇక బిడ్డ సామాను. మీ అత్తగారి మాట, మీవారి ఆత్రం రెండూ నిలబడే దారి ఒకటుంది: కొనకుండా సిద్ధం చేసుకోవడం. మా అమ్మ తన పాత నూలు చీరలు నాలుగు తీసి, అంచులు, జరీ కత్తిరించి పక్కన పెట్టి, మూరెడు చదరం ముక్కలుగా చింపి, మరిగే నీళ్లలో ఉతికి, ఎండలో ఆరవేసి మూడు డజన్ల పొత్తిగుడ్డలు చేసింది. మూడు డజన్లా అని నవ్వాను. మొదటి వారంలో, అదీ వాన ముసురులో, అవీ చాలలేదు. కొత్త బట్ట ఎంత మెత్తగా కనిపించినా గంజి వదిలేదాకా పసిబిడ్డ చర్మానికి గరుకే.

విశ్రాంత స్కానింగ్ వైద్యురాలు, వరంగల్

అమ్మా, స్కానింగ్ గదిలో 26 ఏళ్లు పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను. నేను మీ రిపోర్టు చూడలేదు కనుక మీ డాక్టరు గారి మాటే అంతిమం.

ముందు ఆ తెల్లని చుక్క. గుండె కవాటాలను పట్టి ఉంచే సన్నని కండరంలో కాస్త కాల్షియం చేరితే అది స్కాన్ తెరపై ఎముకంత తెల్లగా మెరుస్తుంది. ఇది గుండెజబ్బు కాదు, గుండెకు రంధ్రమూ కాదు. నూటికి మూడు నుంచి ఐదు గర్భాలలో కనిపిస్తుంది, మన ఆసియా తల్లులలో ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న శిశువులలో కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి మేము రాయక తప్పదు. కానీ మీకున్నట్టు ముందు పరీక్షలలో ప్రమాదం తక్కువగా వచ్చి, మిగతా అవయవాలన్నీ బాగుండి, చుక్క ఒక్కటే ఉన్నప్పుడు దానికోసం వేరే పరీక్ష అవసరం లేదు. ఈ రెండు వాక్యాలు ఆ గదిలోనే చెప్పి ఉంటే మీకు వారం రోజుల నిద్ర దక్కేది. 1994 నాటి చట్టం ప్రకారం శిశువు ఆడో మగో మాటలతో గానీ సైగలతో గానీ తెలియజేయడం నేరం, అందుకే మావాళ్లు నోరు కట్టుకుని పనిచేయడం అలవాటు చేసుకున్నారు. కానీ మాయ గురించో, చుక్క గురించో వివరించవద్దని ఆ చట్టం ఎక్కడా చెప్పలేదు. అదే సమయంలో, అంతా బాగుందని టిఫా రిపోర్టు వచ్చినా అది పూచీకత్తు కాదని కూడా గుర్తుంచుకోవాలి. కొన్ని లోపాలు ఆ వయసుకు కనిపించవు, కొన్ని స్కాన్‌కు ఎప్పటికీ అందవు.

తేదీల విషయానికి వస్తే, మీకు జనవరి 18యే లెక్క. యంత్రం ఆ రోజు బిడ్డ కొలతలను సగటు కొలతలతో పోల్చి ఒక తేదీ ఇస్తుంది, అంతే. మొదటి మూడు నెలలలో పిల్లలందరూ దాదాపు ఒకే తీరుగా పెరుగుతారు కనుక అప్పటి తల నుంచి పిరుదుల వరకు ఉన్న పొడవును బట్టి కట్టిన తేదీ వారం లోపు తేడాతో నిలబడుతుంది. తర్వాత తల్లిదండ్రుల పోలిక బిడ్డలో బయటపడుతుంది. పొడుగరి బిడ్డ కాళ్లు పొడుగ్గా ఉంటే యంత్రం దాన్ని వయసుగా పొరబడుతుంది. నెలలు నిండేకొద్దీ ఈ తేడా మూడు వారాల వరకు వెళ్లవచ్చు. ప్రతి రిపోర్టుకూ తేదీ మార్చుకుంటూ పోతే, ఎదుగుదల మందగించిన బిడ్డ కూడా కాగితం మీద మామూలుగానే కనిపిస్తుంది. బరువు అంకె కూడా అంతే, నూటికి 10 నుంచి 15 వరకు అటూ ఇటూ కావచ్చు. మూడు కిలోలని రాస్తే రెండున్నర పైనుంచి మూడున్నర లోపు ఏదైనా కావచ్చని చదువుకోండి.

ఇప్పుడు మాయ, ప్రయాణం. అంచు 20 మిల్లీమీటర్ల లోపు ఉంటే కిందికి ఉన్నట్టు లెక్క. నెలలు పెరిగేకొద్దీ గర్భసంచి కింది భాగం సాగుతుంది, మాయ అంచు ద్వారానికి దూరమవుతుంది; పదింట తొమ్మిది కేసులు ఇలాగే సర్దుకుంటాయి. 32వ వారంలో యోని మార్గం ద్వారా చేసే స్కాన్ అయితే కొలత కచ్చితంగా వస్తుంది, అది ప్రమాదకరమేమో అని భయపడనక్కరలేదు. ఒకవేళ అప్పటికీ ద్వారాన్ని కప్పే ఉంటే 36వ వారం తర్వాత త్వరలోనే సిజేరియన్‌కు సిద్ధపడాలి. అందుకే గుంటూరు అమ్మాయి మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. మీరు తొమ్మిదో నెల కోసం ఆగితే, ఇబ్బంది మిగిలి ఉన్న పక్షంలో, సరిగ్గా ప్రయాణం చేయకూడని సమయంలోనే రైలెక్కుతారు. ఈ ఒక్క విషయంలో మీ అమ్మగారి పట్టుదల, కారణం వేరైనా, వైద్యానికి దగ్గరగానే ఉంది. రక్తస్రావం ఏమీ లేకుండా, మీ డాక్టరు గారు ఒప్పుకుంటే, 30 వారాల లోపే వెళ్లి అక్కడి ఆసుపత్రిలో పేరు నమోదు చేయించుకుని 32వ వారం స్కాన్ అక్కడే చేయించుకోండి. అలా కుదరకపోతే హైదరాబాద్‌లోనే కాన్పు పెట్టుకుని అమ్మగారినే రప్పించండి. ఎనిమిదో నెలలో కదలకూడదన్న మాటకు మాత్రం వైద్యంలో ఆధారం లేదు.

ఊరు కాదు, ఆసుపత్రి ముఖ్యం: రాత్రి రెండింటికైనా ఆపరేషన్ చేయగలిగి, రక్తనిధి, పసిపిల్లల ప్రత్యేక విభాగం ఉన్నది చూసుకోవాలి. ఏలూరు, రాజమహేంద్రవరం రెండూ మీకు ఇంచుమించు 50 కిలోమీటర్లే. మీ రక్తం గ్రూపు ఏమిటో రాయలేదు. 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజ్ తాగించి చేసే చక్కెర పరీక్ష కూడా బయలుదేరేలోపే ముగించండి. రెండు గంటల తర్వాత 140, ఆపైన వస్తే గర్భకాలపు మధుమేహంగా చూస్తారు.

నెల్లూరు ఆడపడుచు, రెడింగ్, ఇంగ్లండ్

ఇక్కడ ప్రభుత్వ వైద్యంలో అందరికీ చేసేవి రెండే స్కాన్లు, 12 వారాలప్పుడు ఒకటి, 20 వారాలప్పుడు ఒకటి. మాయ కిందికి ఉంటే 32వ వారంలో మళ్లీ పిలుస్తారు. నన్నూ పిలిచారు, సర్దుకుంది. ఇక్కడ అడిగితే బిడ్డ ఆడో మగో చెబుతారు. అమ్మాయని తెలియగానే నెల్లూరుకు ఫోన్ చేశాను. అవతల ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు, తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. డాక్టరు గారు చెప్పిన ఆ చట్టం ఎవరి కోసం పుట్టిందో నాకు ఆ ఒక్క క్షణంలో తెలిసింది.

సామాను సంగతిలో ఒక మాట కలుపుతాను. మా అమ్మ వస్తూ వస్తూ తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుట్టి తెచ్చింది, నాలుకకు రాయడానికి తేనె, వస కొమ్ము కూడా తెచ్చింది. ఇంటికి వచ్చి చూసే నర్సు దిండు తీసేయమంది. పసిబిడ్డను గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలని, పక్కలో దిండు, బొమ్మ, దుప్పటి కుప్ప ఏదీ ఉండకూడదని చెప్పింది. ఏడాది నిండేదాకా తేనె వద్దంది, ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దంది. అమ్మ రెండు రోజులు అలిగి, ఆ దిండును తన మోకాలి కింద పెట్టుకుంది.

తొలిచూలు, హైదరాబాద్

అందరికీ కృతజ్ఞతలు. శుక్రవారం మా డాక్టరు గారిని కలిశాను. చుక్క గురించి వరంగల్ డాక్టరు గారు రాసినదే ఆవిడా చెప్పారు, ఇంకే పరీక్షా అక్కరలేదన్నారు.

రక్తం గ్రూపు రాయకపోవడం నా పొరపాటు. నాది బి నెగటివ్, మావారిది ఓ పాజిటివ్. అది వినగానే సంభాషణ మొత్తం అటు తిరిగింది. బిడ్డది పాజిటివ్ గ్రూపైతే నా రక్తం దానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు తయారుచేయకుండా ఆపే ఆంటీ డి ఇంజెక్షన్ 28వ వారంలో ఇక్కడే వేయించుకుని, 29వ వారంలో పగటి రైలులో బయలుదేరమన్నారు. మధ్యలో కొంచెం రక్తం కనిపించినా ఆ ఇంజెక్షన్ సంగతి అక్కడి వాళ్లకు ముందుగా చెప్పమన్నారు. రాజమహేంద్రవరంలో రక్తనిధి ఉన్న ఒక ఆసుపత్రిలో నాన్న నిన్ననే వెళ్లి మాట్లాడి వచ్చారు. నా గ్రూపే ఉన్న మా చిన్నాన్న కొడుకు నిడదవోలులో ఉంటాడు. పెళ్లిళ్లలో తప్ప పలకరించని వాడు, ఇప్పుడు రోజూ ఫోన్ చేసి ఎలా ఉన్నావక్కా అని అడుగుతున్నాడు.

సీమంతం కార్తీకంలోనే. అమ్మ అప్పుడే పాత నూలు చీరలు నానబెట్టిందట, మూడు డజన్లు అని చెబితే నాలుగు చేస్తానంది. మావారి జాబితాలో ఇంకా బేరం నడుస్తోంది. ఫైలులో మొదటి స్కాన్ కాగితాన్ని అన్నిటికన్నా పైన పెట్టాను, జనవరి 18 కింద మావారు ఎర్రసిరాతో గీత గీశారు.