ముక్క తీసి చూడకుండానే ‘మామూలు గడ్డ’ అని ఎలా రాస్తారు?

కృష్ణలంక కుర్రాడు

అందరికీ నమస్కారం. ఒకే నెలలో మా ఇంట్లో రెండు రిపోర్టులు వచ్చాయి. అక్కకి 43 ఏళ్ళు. నెలసరి మరీ ఎక్కువ అవుతోందని స్కానింగ్ చేయిస్తే గర్భసంచి గోడలో 4 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ ఉందన్నారు. డాక్టరమ్మ మాత్రలు రాసి ఆరు నెలలకి మళ్ళీ రమ్మన్నారు. గడ్డకి బయాప్సీ మాటే ఎత్తలేదు. బావగారికి గ్యాస్ అని ఎండోస్కోపీ చేస్తే కడుపు పైభాగంలో, లోపలి పొర కింద రెండున్నర సెంటీమీటర్ల ఉబ్బు కనిపించింది. ‘లియోమయోమా కావచ్చు, జిస్ట్ (జీర్ణకోశం గోడలో వచ్చే, కేన్సర్ స్వభావం ఉండగల ఇంకో రకం గడ్డ) కావచ్చు’ అని రాసి, సూదితో ముక్క తీసి చూడాల్సిందే అంటున్నారు. ఫైబ్రాయిడ్ అన్నా లియోమయోమాయేనట కదా! ఒకే రకం గడ్డకి ఆవిడకో రూలు, ఈయనకో రూలా? నా వాదన ఏంటంటే, తీస్తే ఇద్దరికీ ముక్క తీయాలి, లేదంటే ఇద్దరినీ వదిలేయాలి.

ఈలోగా మా పెద్దమ్మ ఫోన్ మీద ఫోన్. ‘ఎందుకొచ్చిన గొడవ, గర్భసంచి తీయించేయండి, రేపు కేన్సర్ అయితేనో’ అని.

స్లైడ్‌పెట్టె

పాథాలజీ నా వృత్తి. మీ లాజిక్ బాగానే ఉంది కానీ మొదలే తప్పు. గడ్డ పేరుని బట్టి పరీక్ష పెట్టరండీ. ఆ చోట అచ్చం దానిలాగే కనిపించే ఇంకో గడ్డ ఏది, అది ఎంత తరచుగా వస్తుంది అన్నదాన్ని బట్టి పెడతారు.

గర్భసంచి గోడలో గుండ్రంగా, గట్టిగా, అంచు స్పష్టంగా ఉన్న గడ్డ కనిపిస్తే అది నునుపు కండరం గడ్డే, అంటే లియోమయోమాయే అయ్యే అవకాశం చాలా చాలా ఎక్కువ. కడుపులో అలా కాదు. అక్కడ కండరం పొర నుంచి లేచే గడ్డల్లో జిస్ట్‌లే ఎక్కువ, లియోమయోమాలు తక్కువ. జిస్ట్ చిన్నదైనా సరే, దాన్ని పూర్తిగా అమాయకం అని అంత తేలిగ్గా రాసివ్వరు. పైగా దానికి ఇమాటినిబ్ అనే మాత్ర పనిచేస్తుంది, లియోమయోమాకి ఆ మాత్రతో పనే లేదు.

ఇంకో మాట. 1998 వరకు మా పాథాలజిస్టులే ఈ రెంటినీ కలిపేసేవాళ్ళు. ఆ ఏడు జపాన్‌లో హిరోటా బృందం జిస్ట్‌లో కిట్ జన్యువు మార్పులు చూపించాకే లెక్క మారింది. అంతకుముందు కడుపు లియోమయోమా అని రాసిన పాత రిపోర్టుల్లో చాలావరకు నిజానికి జిస్ట్‌లే. మామూలు రంగు వేసిన స్లైడులో రెండూ పొడుగాటి కణాలే. లియోమయోమా కణానికి గులాబీ రంగు ఒళ్ళు, రెండు చివరలా మొద్దుగా ఉండే చుట్టలాంటి కేంద్రకం అని పీజీల చేత వల్లె వేయిస్తాం. కానీ సూది కొనకి వచ్చిన వెంట్రుకంత ముక్కలో ఆ తేడా పట్టుకుని సంతకం పెట్టే ధైర్యం నాకు లేదు. మార్కర్లు, అంటే ఏ రకం కణమో పట్టిచ్చే ప్రత్యేక రంగులు, వేయాల్సిందే. కండరాన్ని చూపే డెస్మిన్, ఎస్ఎంఏ బాగా పట్టి, జిస్ట్‌ని చూపే సీడీ117, డాగ్1 పట్టకపోతే లియోమయోమా. ఇందులోనూ ఒక తిరకాసు ఉంది. లియోమయోమా మధ్యలో దారి తప్పి వచ్చినట్టు మాస్ట్ కణాలు (ఒంటి రక్షణ కణాల్లో ఒక రకం) ఉంటాయి, వాటికి సీడీ117 ముదురు గోధుమ రంగులో పడుతుంది. అక్కడక్కడా ఆ చుక్కలు చూసి తొందరపడి జిస్ట్ అని రాసిన రిపోర్టులు నా దగ్గరికి రెండో అభిప్రాయానికి వస్తూనే ఉంటాయి.

అడ్డుప్రశ్న

స్లైడ్‌పెట్టె గారూ, కడుపు సంగతి ఒప్పుకున్నా. గర్భసంచి దగ్గర మాత్రం ‘చాలా చాలా ఎక్కువ’ అని దాటేశారు. 2014 ఏప్రిల్‌లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఏం చెప్పింది? ఫైబ్రాయిడ్ అనుకుని ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ళలో 350 మందిలో ఒకరికి లోపల సార్కోమా అనే కేన్సర్ దాగి ఉందని. బోస్టన్‌లో ఏమీ రీడ్ అనే మత్తు డాక్టరుకి 2013లో ఫైబ్రాయిడ్లనే ఆపరేషన్ చేశారు. మోర్సిలేటర్ మిషన్‌తో లోపలే ముక్కలు చేసి తీశారు. తర్వాత చూస్తే లియోమయోసార్కోమా, అంటే నునుపు కండరం కేన్సర్. పొట్టంతా పాకింది, 2017లో పోయారు. ఆవిడే డాక్టరు! స్కాన్ బొమ్మని నమ్మితే జరిగేది అది.

నలుపు-తెలుపు

రేడియాలజీ వైపు నుంచి చెబుతాను. 50 ఏళ్ళు వచ్చేసరికి ఆడవాళ్ళలో 70 శాతానికి పైగా ఏదో ఒక సైజు ఫైబ్రాయిడ్ ఉంటుందని అమెరికాలో స్కాన్లు చేసి తేల్చారు. ఇందరికీ సూదులు గుచ్చుతారా?

గుచ్చినా ఏం తేలుతుంది? సార్కోమా అనడానికి మైక్రోస్కోప్ కింద మూడు చూడాలి. కేంద్రకాల వికారం, విభజనలో ఉన్న కణాల లెక్క, గడ్డ తనంతట తాను చచ్చిపోయిన చోట్లు. స్టాన్‌ఫోర్డ్ వాళ్ళు 1994లో పెట్టిన ఈ పద్ధతి మీదే ఇప్పటికీ నడుస్తున్నాం. 8 సెంటీమీటర్ల గడ్డలో వికారం ఒక మూలే ఉండొచ్చు. సూది ఇంకో మూలకి పోతే ‘మామూలు గడ్డ’ అని కాగితం చేతికొస్తుంది. నా దృష్టిలో ఆ కాగితం స్కాన్ రిపోర్టు కంటే ప్రమాదం, ఎందుకంటే దాన్ని చూసి ఇంకెవరూ అనుమానించరు.

అనుమానం ఉంటే ఎంఆర్ఐ ఉంది. మామూలు ఫైబ్రాయిడ్ టీ2 అనే రకం ఎంఆర్ఐ బొమ్మలో నల్లగా, అంచు గీసినట్టు ఉంటుంది. నీటి కదలికని చూపే డిఫ్యూజన్ బొమ్మలో తెల్లగా వెలిగిపోతూ, ఆ కదలిక కొలత ఏడీసీ తక్కువగా ఉండి, అంచు చెదిరి, లోపల రక్తం కనిపిస్తే మేం వెంటనే గైనిక్ వాళ్ళకి ఫోన్ చేస్తాం. కణాలు మరీ ఒత్తుగా ఉన్న మామూలు ఫైబ్రాయిడ్లు కూడా అలా వెలుగుతాయి, కాదనను. ఎంఆర్ఐ కూడా సాక్షే తప్ప జడ్జి కాదు.

అడ్డుప్రశ్న

జపాన్‌లో గర్భసంచి ముఖద్వారం గుండా సూది బయాప్సీలు చేసి చూశారు కదా. వాళ్ళకి చేతనైంది మనకి చేతకాదా?

నలుపు-తెలుపు

చేశారు. అదీ అనుమానం ఉన్న గడ్డలకి, అందులో చేయి తిరిగినవాళ్ళు. ప్రతి ఫైబ్రాయిడ్‌కీ కాదు. అనుమానం ఉన్నచోట చేద్దాం అంటే నాకేం అభ్యంతరం లేదు.

ఓరుగల్లు గైనిక్

ఏమీ రీడ్ కేసు ప్రతిసారీ వస్తుంది, రావాలి కూడా. కానీ దాని నుంచి అక్కడివాళ్ళు నేర్చుకున్నది ‘అందరికీ ముక్క తీయండి’ అని కాదు. నెలసరి ఆగిపోయినవాళ్ళకి, 50 దాటినవాళ్ళకి మోర్సిలేటర్ వాడొద్దు, మిగతావాళ్ళకి వాడినా గడ్డని సంచిలో పెట్టి వాడండి అని. గడ్డని లోపల చిమ్మడం ఆపారు. 350లో ఒకరు అన్న లెక్క మీద కూడా గొడవ తీరలేదు. 2015లో ప్రిట్స్ బృందం అధ్యయనాలన్నీ కలిపి లెక్కేస్తే లియోమయోసార్కోమా సుమారు 2000 ఆపరేషన్లకి ఒకటి అని తేలింది. ఏ లెక్క తీసుకున్నా అది ఆపరేషన్ దాకా వెళ్ళినవాళ్ళ లెక్క. ఇంట్లో హాయిగా ఉన్న ఫైబ్రాయిడ్ల లెక్క కాదు.

ఇప్పుడు కృష్ణలంక తమ్ముడి పెద్దమ్మ గారి దగ్గరికి వస్తాను, నన్ను ఈ థ్రెడ్‌లోకి లాగింది ఆవిడే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మన ఆడవాళ్ళ గర్భసంచులకి ప్రత్యేకంగా ఏ జబ్బూ లేదు. ‘గడ్డ ఉంది, ఉంచుకుంటే కేన్సర్ అవుతుంది’ అన్న ఒక్క మాటతో ఆర్‌ఎంపీ నుంచి నర్సింగ్ హోమ్ దాకా గొలుసు నడుస్తుంది. అనవసరంగా గర్భసంచులు తీయడం మీద 2023లో సుప్రీంకోర్టే రాష్ట్రాలకి ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. ‘సార్కోమా ఉండొచ్చు’ అని మీరు భయపెడితే జనం ఎంఆర్ఐకి పోరు అడ్డుప్రశ్న గారూ, థియేటర్‌కి పోతారు.

తమ్ముడూ, అక్క విషయంలో అడగాల్సిన ముక్క పరీక్ష ఒకటుంది, అది గడ్డది కాదు, గర్భసంచి లోపలి పొరది. 45 దాటి అసహజంగా బ్లీడింగ్ అయ్యేవాళ్ళకి అది చేస్తాం. అంతకంటే చిన్నవాళ్ళయినా బరువు, పీసీఓడీ లాంటివి ఉంటేనో, మాత్రలకి తగ్గకపోతేనో చేస్తాం. ఎందుకంటే ఆ పొర కేన్సర్ సార్కోమా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుని ‘బయాప్సీ అయింది, గడ్డ మంచిదేనట’ అంటారు. లోపలి పొర పరీక్ష గోడలో ఉన్న గడ్డ గురించి ఏమీ చెప్పదు.

ట్యూబు డాక్టరు

ఎండోస్కోపీలే నా పని. కృష్ణలంక తమ్ముడూ, ఇద్దరికీ ఒకే రూలు అన్న మీ వాదనకి ఇంకో చిక్కు చెప్పనా? అదే గడ్డ అన్నవాహికలో ఉంటే మేం ఫోర్సెప్స్‌తో (చిన్న పట్టకారుతో) గిల్లం. అక్కడ లియోమయోమాలే ఎక్కువ, జిస్ట్ అరుదు. గిల్లితే దొరికేది పైన ఉన్న మంచి పొర ముక్కే, గడ్డ దాని కింద కండరంలో ఉంటుంది. పైగా గిల్లిన చోట మచ్చ కట్టి పొర గడ్డకి అతుక్కుపోతుంది. రేపు సర్జను గడ్డని ఒలిచి తీసేటప్పుడు సరిగ్గా అక్కడే చిరుగుతుంది. మరీ అవసరమైతే లోపలి అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో తీస్తాం.

బావగారిది కడుపులో, అదీ రెండు సెంటీమీటర్లు దాటింది, కాబట్టి సూది పరీక్ష అడగడం సబబే. రెండు లోపు ఉండి, అంచు నున్నగా, పైన పుండు లేకుండా ఉంటే ఏడాదికోసారి చూస్తూ ఉండొచ్చు. అన్నవాహిక కలిసే చోటుకి దగ్గరైతే లియోమయోమా అయ్యే అవకాశం ఇంకాస్త ఎక్కువే.

అడ్డుప్రశ్న

సరే, రెండు లోపు వదిలేస్తారు. అప్పుడు రిపోర్టులో ‘లియోమయోమా’ అని రాసే హక్కు మీకు ఎక్కడిది? ‘తేలని గడ్డ’ అనే రాయాలి కదా?

స్లైడ్‌పెట్టె

ఇది మాత్రం నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటా. ఎండోస్కోపీ రిపోర్టులో ‘పొర కింద ఉబ్బు’ అని ఆగిపోవాలి. కండరానిదో కొవ్వుదో నరానిదో కళ్ళతో చూసి తేల్చేది కాదు.

మైక్రోస్కోప్ కింద కూడా చోటుని బట్టే తీర్పు. గర్భసంచి గడ్డలో పది ఫీల్డులు వెతికితే ఆరేడు విభజనలు కనిపించినా, వికారం, చచ్చిన చోటు లేకపోతే నిశ్చింతగా లియోమయోమా అని సంతకం పెడతాను. అదే గడ్డ మగాయన పొట్ట వెనక భాగంలో, వెన్ను పక్కన వస్తే ఒక్క విభజన కనపడినా ‘మంచిది’ అని రాయను. ఆడవాళ్ళలో అక్కడే ఈస్ట్రోజెన్ రిసెప్టర్ (ఆడ హార్మోన్‌ని అందుకునే గుర్తు) పడితే మళ్ళీ కాస్త సడలిస్తాం. వయసు, ఆడా మగా, ఏ చోటు అన్నవి రాయకుండా డబ్బా పంపేవాళ్ళ మీద మాకు ఒళ్ళు మండేది ఇందుకే.

భీమిలి బీచ్

చిన్న సందేహం. మా చిన్నాన్నకి భుజం మీద పప్పు గింజలంత ఎర్రటి గడ్డలు పది పన్నెండు ఉన్నాయి. చన్నీళ్ళు పడితే విలవిల్లాడతాడు. ఒకటి తీసి పంపితే ‘పైలోలియోమయోమా (వెంట్రుక మొదట్లో ఉండే చిన్న కండరం గడ్డ), మామూలు గడ్డ’ అని వచ్చింది. అంటే కథ అయిపోయినట్టేనా?

స్లైడ్‌పెట్టె

కాలేదండీ, అసలు కథ ఇక్కడే మొదలు. ఒంటి మీద ఒకటి కాకుండా గుంపుగా వస్తే ఎఫ్‌హెచ్ అనే జన్యువు చూపించుకోవాలి. అది పాడైన కుటుంబాల్లో చర్మం మీద ఈ గడ్డలు, ఆడవాళ్ళకి చిన్న వయసులోనే పెద్ద ఫైబ్రాయిడ్లు, కొందరికి చాలా దూకుడుగా ఉండే కిడ్నీ కేన్సర్ వస్తాయి. ఆ జన్యువుని 2002లో గుర్తించారు. మీ అత్తయ్యలు, చెల్లెళ్ళలో ఎవరికైనా ముప్ఫైలోపే ఫైబ్రాయిడ్లు తీశారేమో అడగండి. జన్యువు తేడా అని తేలితే ఏటా కిడ్నీలకి ఎంఆర్ఐ చేస్తారు. మీ చిన్నాన్న గడ్డ మంచిదే, ఆ రిపోర్టులో తప్పేం లేదు. జెనెటిక్స్ డాక్టరుకి మాత్రం చూపించండి, ఆలస్యం చేయొద్దు.

కృష్ణలంక కుర్రాడు

అందరికీ థాంక్స్. ఇద్దరికీ ఒకే రూలు అన్న నా వాదన ఇక్కడ నిలబడేలా లేదు, పెద్దమ్మతో వాదించడానికి మాత్రం సరుకు దొరికింది. కానీ అడ్డుప్రశ్న గారి పాయింట్ నన్ను వదలడం లేదు. ఆ వందల్లో, వేలల్లో ఒకరు మనవాళ్ళే అయితే ఎప్పుడు తెలుస్తుంది?

ఓరుగల్లు గైనిక్

గుర్తులు చూస్తూ ఉండాలి. నెలసరి ఆగిపోయాక గడ్డ పెరగడం, కొత్తగా రావడం, ఆగాక మళ్ళీ రక్తం కనపడటం. ఇలాంటప్పుడు ఎంఆర్ఐ చేయించకుండా ఎవరు ‘చూద్దాంలే’ అన్నా వినకండి. అదే ముట్లు ఆగని వయసులో గడ్డ కాస్త పెరిగిందంటే అదొక్కటే సార్కోమా గుర్తు కాదు, ఫైబ్రాయిడ్లు పెరుగుతాయి.

అడ్డుప్రశ్న

అంటే నెలసరి ఆగనివాళ్ళలో దాగి ఉన్నదాన్ని ముందే పట్టే దారి మీ దగ్గర లేదు. ఆ మాట రోగికి ముందే చెప్పి, కాగితం మీద రాసి, సంతకం తీసుకోవాలి. నేను ఇక్కడే ఉన్నాను, జరగను.

ఓరుగల్లు గైనిక్

చెప్పాలి, రాయాలి. అందులో మీతో నాకు తగవు లేదు. గర్భసంచి తీయించడానికి అదే కారణంగా చూపిస్తేనే తగవు.

స్లైడ్‌పెట్టె

మీరిద్దరూ ఆపరేషన్‌కి ముందు ఏం తెలుస్తుందని కొట్టుకుంటున్నారు. తర్వాత తెలిసే దాన్నే మనవాళ్ళు పారేస్తున్నారు. థియేటర్ తలుపు దగ్గర తీసిన గడ్డని స్టీలు ట్రేలో పెట్టి ఇంటివాళ్ళకి చూపిస్తారు. వాళ్ళు సెల్‌ఫోన్లో ఫోటో తీసుకుంటారు. కొన్నిచోట్ల ఆ గడ్డ అక్కడితో సరి, ల్యాబ్‌కి రాదు. వచ్చిన వాటిలో కొన్ని ఉత్త సెలైన్ పోసిన ప్లాస్టిక్ డబ్బాలో, ఎండలో బస్సెక్కి, మర్నాటికి నా బల్ల మీదికి చేరతాయి. కణాలు అప్పటికే కుళ్ళి ఉంటాయి. గడ్డ తనంతట తాను చచ్చిందా, డబ్బాలో చచ్చిందా అన్నది ఇక ఏ మైక్రోస్కోప్ చెప్పలేదు. సార్కోమాకి నేను వెతికే గుర్తుల్లో ఒకటి అక్కడే పోయింది. మంచి ఫైబ్రాయిడ్ కోస్తే తెల్లగా, సుడులు తిరిగి, కోసిన అంచు దాటి పైకి ఉబ్బుతుంది. మెత్తగా, పసుపు పచ్చగా, రక్తం మరకలతో ఉన్నది దొరికితే అక్కడి నుంచే ఎక్కువ ముక్కలు తీస్తాను. డబ్బా అసలు రాకపోతే ఏం కోయను?

కృష్ణలంక కుర్రాడు

మరి ఇంటివాళ్ళుగా మేం ఏం అడగాలి సార్?

స్లైడ్‌పెట్టె

ఆపరేషన్‌కి ముందే అడగండి, గడ్డ ఏ ల్యాబ్‌కి పోతుంది అని. డబ్బా మీ చేతికిస్తే అందులో ఉన్నది 10 శాతం ఫార్మలినేనా, గడ్డ పూర్తిగా మునిగిందా చూడండి. గడ్డ కంటే ద్రవం పది రెట్లు ఉంటే మంచిది. రిపోర్టు వచ్చాక బ్లాకులు (మైనంలో పెట్టిన గడ్డ ముక్కలు), స్లైడులు కూడా అడిగి తెచ్చుకుని దాచండి. ల్యాబ్‌లు వాటిని ఎల్లకాలం ఉంచవు, రెండో అభిప్రాయానికి కాగితం ఒక్కటే పట్టుకొస్తే నేను చేసేదేం ఉండదు.