ప్రతిభావంతుల వేసవి సేవా శిబిరంలో పాఠాలు చెప్పే ఉద్యోగం: ఒప్పుకోవాలా, వద్దా?

పట్నంపావురం:
అమెరికాలో, మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్‌లో విద్యావిధానం మీద మాస్టర్స్ చదువుతున్నాను. వచ్చే వేసవికి ఒక ఉద్యోగం చేతికందేలా ఉంది, ఒప్పుకోవాలో వద్దో తేలడం లేదు. హైస్కూలు పిల్లలకు మూడు వారాల శిబిరం. వయసుకు మించిన పరీక్ష పెట్టి, అందులో బాగా నెగ్గిన పిల్లలనే తీసుకుంటారు. పొద్దున పేదరికం, ఇళ్ల సమస్య, బడులకు నిధులు వంటి విషయాల మీద తరగతి. మధ్యాహ్నం పేదలకు తిండి సరుకులు ఉచితంగా అందించే ఫుడ్ బ్యాంకులోనో, ఇల్లు లేనివారి ఆశ్రయ గృహంలోనో పని. రాత్రి ఆ రోజు చూసినదాని మీద చర్చ. దీన్నే సర్వీస్ లెర్నింగ్ అంటున్నారు. నన్ను ఇన్‌స్ట్రక్టర్‌గా రమ్మంటున్నారు. తిండి, బస వాళ్లవే. జీతం మొత్తంగా ఒకేసారి ఇస్తారు. రోజుకు ఎన్ని గంటలు పని అని అడిగితే సూటిగా చెప్పలేదు. నా రూమ్మేటు మాత్రం, "డబ్బున్న పిల్లల కాలేజీ దరఖాస్తులకు నగిషీలు చెక్కే పని అది" అని తేల్చేసింది. మీరేమంటారు?

గోదారిగట్టు:
మీ రూమ్మేటు ఉన్నమాటే చెప్పింది. ఇలాంటి శిబిరాలకు రుసుము వేల డాలర్లలో ఉంటుంది. అంత కట్టి వచ్చిన పిల్ల రెండు మధ్యాహ్నాలు డబ్బాలు సర్ది, దాని మీద వ్యాసం రాసుకుంటుంది. ఆ వ్యాసం వల్ల డబ్బాలు తీసుకునే మనిషికి ఒరిగేదేమిటి? 1968లోనే ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుడు, మెక్సికో పల్లెల్లో సేవకు బయలుదేరిన అమెరికా విద్యార్థులను ఎదురుగా కూర్చోబెట్టుకుని కడిగేశాడు. మా కొండలు చూడడానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేస్తామని మాత్రం రావద్దు అని ఆయన మాటల సారం. పైగా ఇక్కడ పిల్లలకు ముందే "ప్రతిభావంతులు" అని బిళ్ల తగిలించి తీసుకెళ్తున్నారు. బిళ్ల తగిలించుకుని పేదవాడి గుమ్మం తొక్కేవాడికి వినయం నేర్పడం మూడు వారాల్లో అయ్యే పనేనా?

చికాగోచలి:
పావురం గారూ, నేను ఇలాంటి శిబిరాల్లో పాఠాలు చెప్పాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను. గట్టు గారు ఓపిక పట్టాలి.

ఇలాంటి శిబిరాలు నడిపే ప్రతిభా కేంద్రాలు సేవతో మొదలు కాలేదు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో జూలియన్ స్టాన్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో లెక్కల్లో దిట్టలైన పిల్లలను వెతకడం మొదలుపెట్టాడు, అదే 1979లో ఒక కేంద్రంగా స్థిరపడింది. చికాగో దగ్గరి నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో ఇంకొకటి 1982లో వచ్చింది. ఏడాది పాఠాన్ని మూడు వారాల్లో ముగించడం వాటి పేరు మోసిన విద్య. ఆ తర్వాతెప్పుడో ఈ రెండూ కలిసి సివిక్ లీడర్‌షిప్ ఇన్‌స్టిట్యూట్ పేరుతో సేవను పాఠంలోకి తెచ్చాయి. కాబట్టి అక్కడికి వచ్చే పిల్లలకు వేగమే అలవాటు. ప్రశ్న వినబడగానే జవాబు చెప్పేస్తారు.

మా గుంపును ఒకసారి ఫుడ్ బ్యాంకు గోదాములో డబ్బాలు ఏరే పనికి తీసుకెళ్లాను. అంచు దగ్గర సొట్టపడిన డబ్బాను, మూత ఉబ్బినదాన్ని పారేయాలి. నడుమ చిన్న సొట్ట ఉంటే పరవాలేదు. ఒక అబ్బాయి పావుగంట సేపు పని చూశాడు. బల్లలు ఎలా మార్చి వేస్తే ఇంకా వేగంగా సాగుతుందో కాగితం మీద గీసి అక్కడి మేనేజరు చేతిలో పెట్టాడు. ఆవిడ శ్రద్ధగా చూసి, "లెక్క సరిగ్గానే ఉంది. కానీ మిగతా రోజుల్లో ఇక్కడ ఏరేది మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు. ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చనే వాళ్లు వస్తారు. బల్లలు అందుకే ఇలా ఉన్నాయి" అంది. ఆ రాత్రి చర్చలో అబ్బాయి నోరు విప్పలేదు. మర్నాడు తరగతిలో, అసలు పనిచేసుకునే కుటుంబాలకు కూడా ఈ డబ్బాలు ఎందుకు కావాల్సి వస్తున్నాయని తనే అడిగాడు.

ఆ ప్రశ్న వచ్చేదాకా తీసుకెళ్లడం, వచ్చాక దాన్ని వదలకపోవడం మీ ఉద్యోగం. బాల్టిమోర్‌లో అయితే సామగ్రికి కొదవ లేదు. ఏ వీధిలో ఏ జాతివారు ఇల్లు తీసుకోవచ్చో చెప్పే నగర చట్టం అమెరికాలో మొదట వచ్చింది అక్కడే, 1910లో. 1917లో సుప్రీంకోర్టు ఇంకో నగరం కేసులో అలాంటి చట్టాలను కొట్టేసింది. 1930లలో ఇళ్ల అప్పుల కోసం ప్రభుత్వ సంస్థ గీయించిన పటాల్లో నల్లజాతి పేటలకు ప్రమాదకరమనే గుర్తుగా ఎర్ర రంగు పడింది, అప్పులు పుట్టకుండా పోయాయి. పొద్దున ఆ పటం చూపించి మధ్యాహ్నం అదే వీధిలో నడిపించండి. కాలేజీ వ్యాసానికి అది పనికొస్తే రానివ్వండి, నాకేమీ అభ్యంతరం లేదు.

మేరీలాండ్‌అమ్మ:
గట్టు గారూ, వచ్చేవాళ్లంతా డబ్బున్నవాళ్లు కారు. మా అమ్మాయి రుసుములో రాయితీ మీదే వెళ్లింది. ఇక పిల్లల సేవా గంటల సంగతి అంటారా, మేరీలాండ్‌లో ప్రభుత్వ హైస్కూలు దాటాలంటే 75 గంటల సేవ ఎలాగూ తప్పదు. మన తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గుంపుల్లో ఆ గంటలు సులువుగా ఎక్కడ దొరుకుతాయన్నదే ఏడాది పొడుగునా చర్చ. మా అమ్మాయి శిబిరం నుంచి వచ్చాక, మన కాలనీకి సిటీ బస్సు ఎందుకు రాదు, రావద్దన్నది ఎవరు అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న నేర్పిన టీచరు ఎవరో గానీ, ఆమె జీతం ఆమెకు చాలినంత ఇచ్చారా అని మాత్రం అనుకున్నాను.

ఎన్నెస్సెస్‌మాస్టారు:
అమ్మా పావురం, నేను డిగ్రీ కాలేజీలో చాలాకాలం ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. 1969లో, గాంధీ శతజయంతి ఏడాది, మొదలైన పథకం. రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. మా పిల్లల్లో కూలీల బిడ్డలే ఎక్కువ, ప్రతిభ బిళ్లలేమీ లేవు. అయినా గట్టు గారు చెప్పిన జబ్బు మాకూ ఉండేది. ఒక ఊళ్లో వరుసగా ప్రతి శిబిరంలోనూ ఇంకుడు గుంతలు తవ్వించారు. ఆ ఊరివాళ్లు అడిగింది బడి దారిలో కల్వర్టు. గుంతలైతే ఏడు రోజుల్లో పూర్తవుతాయి, ఫొటోలో కనబడతాయి, నివేదికలో లెక్క చూపవచ్చు. కల్వర్టుకు ఆఫీసుల చుట్టూ తిరగాలి. కాబట్టి పిల్లలు ఎవరన్నది పక్కన పెట్టి, పని ఏదో ఎవరు నిర్ణయించారని అడుగు. ఆ ఆశ్రయ గృహంవాళ్లు అడిగిన పనేనా, లేక శిబిరంవాళ్లు టైంటేబుల్‌కు సరిపోయేలా ఎంచుకున్నదా?

గోదారిగట్టు:
మాస్టారూ, దండం. అయితే ఇంకో మెట్టు దిగుదాం. ఇరవైమంది పిల్లలు ఆశ్రయ గృహానికి వస్తే వాళ్లకు పని చూపించడానికి, జాగ్రత్తలు చెప్పడానికి అక్కడి ఉద్యోగి పూట పోతుంది. నిజానికి ఆ పూట పాఠం చెప్పింది ఆమె. చికాగో గారి కథలోనూ అంతే; ఆ అబ్బాయికి అసలు పాఠం చెప్పింది గోదాము మేనేజరు. వేల డాలర్ల రుసుములో ఆమె సంస్థకు చేరింది ఎంత?

చికాగోచలి:
మంచి దెబ్బే కొట్టారు. నేను పనిచేసిన చోట ఏమీ ఇవ్వలేదు. ఇవ్వాలనే నా మాట కూడా.

చట్టంచెట్టు:
ఆదర్శాలు మీరు తేల్చుకోండి, నేను కాగితాల సంగతి చెబుతాను. ఏడాదిలో ఏడు నెలలకు మించి నడవని శిబిరాలకు సమాఖ్య కనీస వేతన చట్టం నుంచి మినహాయింపు దొరికే వీలుంది. పాఠం చెప్పేవారికి ఓవర్‌టైము హక్కు కూడా ఉండకపోవచ్చు. ఒకే మొత్తం జీతం, గంటల మీద మౌనం అందుకే కావచ్చు. రాష్ట్ర చట్టం వేరుగా ఉండవచ్చు, చూసుకోండి. మీరు ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉంటే, మీ యూనివర్సిటీ కాని చోట మూడు వారాల పనికైనా ముందస్తు అనుమతి తప్పదు. ఆ అనుమతి రెండు రకాలు: సీపీటీ (కోర్సులో భాగంగా చేసే పని) అయితే పని మీ కోర్సులో భాగమని విభాగం ఒప్పుకోవాలి, ఓపీటీ (చదువుకు తోడు ఐచ్ఛిక శిక్షణ) అయితే మీ చదువుకు నేరుగా సంబంధం ఉండాలి. అనుమతి చేతికి రాకముందు శిక్షణ రోజులకు కూడా వెళ్లకండి.

పట్నంపావురం:
అందరికీ ధన్యవాదాలు. ఈ ప్రశ్నలన్నీ వాళ్లకు మెయిలు పెట్టాను. శిక్షణ రోజులకు జీతం ఉందట. పిల్లలకంటే ముందు నేను ఒక్కదాన్నే ఆశ్రయ గృహానికి వెళ్లి మాట్లాడి వస్తానంటే, వెళ్లవచ్చు గానీ దానికి డబ్బు ఇవ్వలేమన్నారు. పనులు పోయిన ఏడాదివే, మార్చలేదు. ఆతిథ్యం ఇచ్చే సంస్థలకు సొమ్ము ఇచ్చే పద్ధతి లేదన్నారు. సీపీటీ కోసం మా సలహాదారును కలవాలి. ముందస్తు సందర్శనకు జీతం ఇస్తామని రాసిస్తే చేరతాను; సంస్థలకు సొమ్ము సంగతి చేరాక అడుగుతాను.

గోదారిగట్టు:
చేరాక అడిగితే వచ్చే ఏడాది చూద్దామంటారు. చేరకముందే అడగండి. వాళ్లకు జూన్‌లోగా మనిషి కావాలి, మీ మాటకు విలువ ఉండేది ఇప్పుడే.